పీకింగ్‌లో మగ్గం చప్పుడు

మగ్గం ఆగిపోయింది. నాకు మెలకువ వచ్చింది.

నేత ఇళ్లలో మసిలిన ఆడవాళ్లకు ఇందులో విడమరిచి చెప్పాల్సిందేమీ లేదు. మగ్గం ఆడుతున్నంతసేపు ఆ చప్పుడులోనే హాయిగా నిద్రపోతాం. ఆగితే మాత్రం ఉలిక్కిపడి లేస్తాం. మగ్గం ఆగిందంటే పోగు తెగిందన్నమాట, లేదంటే దారం కండె అయిపోయిందన్నమాట. వెళ్లి పోగు ముడివేయాలి, లేదా కొత్త కండె అందించాలి. మగ్గం మీద కూచున్న మనిషి నోరు తెరిచి పిలవడు. ఆగిన మగ్గమే పిలుపు.

కాబట్టి అలా మేల్కోవడంలో వింత లేదు. కానీ నేనప్పుడు పడుకున్నది వరంగల్ మట్టెవాడలోని మా అత్తగారింట్లో కాదు. చైనాలో, పీకింగ్ నగరంలో, మా చైనీస్ టీచరు ఇంట్లో. ఆ చుట్టుపక్కల మగ్గం అన్నదే లేదు.

కళ్లు తెరిచాను. పట్టపగలు. తల పగిలిపోతోంది. లేవబోతే కాళ్లు నా మాట వినలేదు.

ఇది జరిగి నాలుగేళ్లయింది. పిల్లలిద్దరూ నిద్రపోయాక, వాళ్ల ఊపిరి వినిపించేంత దగ్గరలో కూచుని రాస్తున్నాను. దయ్యాలు, శకునాలు నాకు పట్టవు. మా నాయన చిన్నప్పుడే ఒక అలవాటు చేశాడు. ఎక్కడ భయమేస్తే అక్కడికి లాంతరు పట్టుకుని వెళ్లి చూసి రమ్మనేవాడు. వెళ్లి చూస్తే అక్కడ పిల్లో, ఆరేసిన చీరో ఉండేది. ఈ సంగతిని కూడా అలాగే లాంతరు పట్టుకుని చాలాసార్లు చూశాను. చూసినదంతా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేను చరిత్రలో ఎం.ఏ. చేశాను. పాత కాలపు చైనా యాత్రికుల రాతల మీద ఆసక్తి కలిగి, పెళ్లికి ముందు హైదరాబాదులో ఆ భాషలో చిన్న కోర్సు చదివాను. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక, ఇక ఆ ఊసే మరిచిపోయాక, రెండేళ్లు పీకింగ్‌లో చదువుకునే స్కాలర్‌షిప్ వచ్చింది. అప్పటికి మా బాబు రవి రెండో తరగతి. పాప శైలుకి నాలుగేళ్లు నిండబోతున్నాయి.

మా ఆయన నెక్కొండలో బడిపంతులు. రోజూ రైల్లో వెళ్లొస్తారు. ఉత్తరం చదివి, "వెళ్లు. మళ్లీ రాదు" అన్నారు. అంతే.

మా అత్తమ్మ మాత్రం రోకలి పక్కన పెట్టేసింది.

"పిల్లలను ఇడ్సిపెట్టి చీనాకు పోయి చదువుడేందే సుగుణా? ఈడ చదువులు ఒడిసిపోయినయా?"

పక్కింటి లచ్చమ్మక్క ఇంకో పోటు పొడిచింది. "ఆ భాషకు అక్షరాలే లెవ్వట, అన్ని బొమ్మలేనట! బొమ్మలు గీసుడే అయితె మన వాకిట్ల ముగ్గెయ్యరాదా, గంత దూరం ఎందుకు?"

ఆ రాత్రంతా ఏం ఆలోచించిందో గాని, మర్నాడు పొద్దున అత్తమ్మే వచ్చి నా పెట్టె సర్దడం మొదలుపెట్టింది. "పోతె పో. గని పాము కూర పెడితె మాత్రం తినకు" అంది. మా మామయ్య మగ్గం గుంటలోంచి తల ఎత్తి, "పిల్లల ఫికర్ జెయ్యకు బిడ్డా, మేమున్నం" అన్నాడు.

పీకింగ్‌లో మొదటి నెలంతా నేను దాదాపు మూగదాన్ని. హైదరాబాదులో నేర్చుకున్న చైనీస్ అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. దుకాణంలో ఉప్పు అడగడానికి చేత్తో నోట్లో చల్లుకుంటున్నట్టు నటించాను. అమ్మే ఆయన పళ్లపొడి ఇచ్చాడు. క్యాంటీన్‌లో రోజూ ఆవిరి మీద ఉడికించిన మైదా ముద్దలు, పచ్చిపులుసు రంగులో ఉండే ఏదో చారు. ఆ రంగు చూసి రోజూ ఆశపడటం, నోట్లో పెట్టుకుని రోజూ నిరాశపడటం. నాతో గదిలో ఉండే టాంజానియా అమ్మాయి, నేను సైగలతోనే పోట్లాడుకుని సైగలతోనే రాజీపడేవాళ్లం.

ఆ భాషలో ఒక్కో మాటకీ ఒక రాగం ఉంటుంది. గొంతు సమంగా ఉంచాలి, లేదా ఎత్తాలి, లేదా దించి ఎత్తాలి, లేదా ఒక్కసారిగా దించాలి. గొంతు తప్పితే అర్థం తప్పుతుంది. మాకు ఉచ్చారణ నేర్పే టీచరు పేరు ఛెన్. యాభై దాటిన మనిషి, ఒంటరిగా ఉండేది. ఆమె కూతురు ఎక్కడో దూరపు రాష్ట్రంలో ఉద్యోగం చేస్తోంది. టీచరుని వాళ్ల భాషలో లావ్‌షి అంటారు. మేమూ అలాగే పిలిచేవాళ్లం. లావ్‌షి చేతిని గాలిలో ఎత్తుతూ దించుతూ రాగం చూపించేది. నాకు చేతులతో పట్టుబడలేదు. బల్ల కింద కాళ్లు ఆడించి చూశాను, గుంట మగ్గం తొక్కినట్టు. పట్టుబడింది.

లావ్‌షి అది గమనించి, ఏం చేస్తున్నావని అడిగింది. ఉన్న నాలుగు మాటలతో, మిగతా చేతులతో, మా ఇంట్లో నేలలో గుంట తీసి మగ్గం పెడతారని, మనిషి అందులో కాళ్లు వేలాడేసి కూచుని నేస్తాడని చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది. వాళ్లమ్మ కూడా పల్లెలో నేసేదట. ఆ రోజు నుంచి నేను ఆమె మనిషినయ్యాను.

అక్షరాలు రాయడానికీ అక్కడ ఒక వరస ఉంది. అడ్డగీత ముందు, నిలువుగీత తర్వాత. మా ఇంట్లో నిలువు దారాల పడుగు ముందు, అడ్డంగా దూరే పేక తర్వాత. చైనా వాళ్లది తిరగేసిన మగ్గం అని గుర్తుపెట్టుకున్నాను. ఆ తర్వాత ఒక్క గీత కూడా వరస తప్పలేదు. దీపావళి నాటికి క్లాసులో నా కంటే బాగా రాసేవాడు ఒక్క జపాన్ కుర్రాడే.

పగలంతా ఇలా గట్టిగానే ఉండేదాన్ని. పిల్లల ఫొటో మాత్రం దిండు కింద పెట్టుకునేదాన్ని, ఎదురుగా పెట్టుకుంటే చదువు సాగదని.

చలి మొదలవుతుండగా ఒక ఆదివారం లావ్‌షి తన ఇంటికి భోజనానికి రమ్మంది. పాత నగరంలో ఇరుకు సందు. ఒకే వాకిలి చుట్టూ నాలుగు కుటుంబాలు. వాకిలి నిండా చలికాలానికి కొని పెట్టుకున్న క్యాబేజీ గుట్టలు. లావ్‌షిది ఒక్కటే గది. నేను వెళ్లేసరికి ఆమె కిటికీ చట్రాల సందులకు కాగితపు పట్టీలు అతికిస్తోంది. చలిగాలి రాకుండా అక్కడ ప్రతి ఇంట్లో చేసే పని. మైదా జిగురు ఉండలు కట్టి కారిపోతోంది.

నేత ఇంటి కోడలిని. గంజి కాయడం నాకు ఒకరు నేర్పాలా! గిన్నె లాక్కున్నాను. వేలు ముంచి తీస్తే తీగలా సాగేట్టు గంజి కాశాను. లావ్‌షి నవ్వి, పని నాకొదిలేసి, పక్కింటావిడతో క్యాబేజీ కొనే వరసలో నిలబడటానికి వెళ్లింది.

మా మగ్గాల గదిలో ఎండాకాలం కిటికీలు మూసే ఉంచుతాం. పొడిగాలి తగిలితే పడుగు పెళుసెక్కి తెగిపోతుంది. సన్నటి గాలి కూడా చొరకుండా సందులు పూడ్చడం మా అత్తమ్మ దగ్గర నేను నేర్చిన విద్య. ఆ విద్యంతా ఆ కిటికీ మీద చూపించాను. పైన, పరదా కమ్మీ వెనకాల ఒక మూల అద్దం లేదు. అద్దం ఉండాల్సిన చోట పొట్లంలా మడిచిన పాత కాగితం, అంచులు చిరిగి వేలాడుతోంది. అందులోంచి గాలి వస్తోంది. నిరుటి కాగితం చిరిగిపోయి ఉంటుందనుకున్నాను. పీకి పారేసి, మందపాటి కాగితం రెండు పొరలు అతికించాను.

లావ్‌షి తిరిగొచ్చి కిటికీ మీద అరచెయ్యి ఆనించి చూసింది. గాలి లేదు. "బాగుంది, బాగుంది" అని నా భుజం తట్టింది. పైకి చూడలేదు. ఆ చలికాలంలో మొదటిసారిగా ఇనప పొయ్యి వెలిగించింది. తేనెతుట్టెలా చిల్లులున్న బొగ్గు బిళ్లలు వేసే పొయ్యి అది. పొగ పోవడానికి రేకు గొట్టం ఉంది. దాని మీద కుడుముల్లాంటివి ఉడికించుకుని, నేను ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడితో తిన్నాం. లావ్‌షి దగ్గి, నవ్వి, మళ్లీ అద్దుకుని తింది.

భోజనమయ్యాక అక్కడ దేశమంతా కాసేపు కునుకు తీస్తుంది. బడులు, ఆఫీసులు అన్నీ. లావ్‌షి తన మంచం మీద పడుకుంది. నాకు గోడ పక్కన సన్నటి మంచం చూపించింది. వెచ్చగా ఉంది. ఇల్లు వదిలి వచ్చాక అంత వెచ్చగా ఎప్పుడూ లేదు. వెంటనే నిద్రపట్టేసింది.

నిద్రలో మగ్గం చప్పుడు మొదలైంది. టక్ టక్, టక్ టక్. ఎక్కడా తొట్రుపాటు లేదు. మామయ్య చెయ్యి అని గుర్తుపట్టాను. ఎవరి చెయ్యి వాళ్లదే, వింటే తెలిసిపోతుంది. చాలాసేపు విన్నాను. ఇంట్లోనే ఉన్నాను కదా, ఇక లేవాల్సిన పని లేదు అనిపించింది. అంత సుఖమైన నిద్ర నా జన్మలో ఎరగను.

ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. మళ్లీ మొదలవుతుందని ఎదురుచూశాను. మొదలవలేదు. పోగు తెగింది, లేవాలి, ముడివేయాలి. ఇదొక్కటే నా బుర్రలో ఉంది.

కళ్లు తెరిచాను. లావ్‌షి ముఖం ఎర్రగా, కుంకుమ పూసినట్టుంది. "లావ్‌షి" అన్నాను. కదల్లేదు. నా గొంతు నాకే వినపడలేదు. మంచం మీంచి కింద పడ్డాను. బొగ్గు విషవాయువు అని, తలుపు తీయాలని నాకు తట్టలేదు. తట్టిందని ఇప్పుడు చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గాని, నిజం కాదు. మగ్గం దగ్గరికి వెళ్లి పోగు ముడివేయాలనే పాకాను. మా ఇంట్లో మంచానికి మగ్గం ఏ దిక్కున ఉంటుందో ఆ దిక్కుకి పాకాను. అక్కడ నా చేతికి తగిలింది తలుపుకి వేలాడదీసిన దూది పరదా. దాన్ని పట్టుకుని వేలాడి, వెనక ఉన్న గడియ లాగాను.

వాకిట్లో క్యాబేజీల మీద బోర్లా పడ్డాను. చల్లటి గాలి ఊపిరితిత్తులను కోసేసింది. చైనీస్ ఒక్క మాట గుర్తులేదు. "లేస్తలేదు, లేస్తలేదు" అని తెలుగులోనే అరిచాను. నాలుగిళ్ల వాళ్లూ పరిగెత్తుకొచ్చారు. లావ్‌షిని ఎత్తుకొచ్చి, సరుకులు మోసే మూడు చక్రాల బండి మీద మా ఇద్దరినీ దవాఖానకు తీసుకెళ్లారు.

ఇంకాసేపు ఆగి ఉంటే ఇద్దరికీ ప్రాణం దక్కేది కాదని డాక్టరు చెప్పాడు. లావ్‌షికి తెలివి వచ్చేసరికి చీకటి పడింది. నా మంచం పక్కన కిటికీలో నిండు చంద్రుడు కనిపించాడు. ఆ రోజు కార్తీక పౌర్ణమి అని అప్పుడు గుర్తొచ్చింది. ఇంకాసేపట్లో అత్తమ్మ ఒక్కపొద్దుండి తులసి దగ్గర ఒత్తులు వెలిగిస్తుంది, పిల్లలు పక్కన నిలబడతారు అనుకున్నాను. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

పొయ్యి గొట్టం అతుకు దగ్గర బొగ్గు వాయువు లీకైందట. మామూలుగా అయితే ప్రమాదం ఉండేది కాదు. కిటికీ పైమూల నేను పీకేసిన మడత కాగితం ఉత్త చెత్త కాదు, విషవాయువు బయటకు పోవడానికి కావాలనే పెట్టుకునే దారి. ప్రతి ఇంటికీ ఉంటుంది. పక్కింటావిడ వాళ్ల కిటికీ చూపించి చెప్పింది. లావ్‌షి నన్ను ఒక్క మాట అనలేదు. కోలుకున్నాక మాత్రం క్లాసులో అందరి ముందూ అంది: "ఈమెకు గంజి కాయడం మరీ బాగా వచ్చు. అదే ఈమె దోషం."

చప్పుడు గురించి డాక్టరుని అడిగాను. ఆయన కణత మీద వేలితో టక్ టక్‌మని కొట్టి చూపించాడు. ఆ వాయువు పీలిస్తే నెత్తురు పోటు చెవుల్లో అలా వినిపిస్తుందట. చదువుకున్నదాన్ని, ఆ మాట నాకు చాలింది. చప్పుడుకి కారణం దొరికింది. అది ఎందుకు ఆగిందని అడగాలని అప్పుడు తోచలేదు. నెత్తురు పోటే అయితే, అది ఆగిన మనిషి లేచి కూచోదు కదా.

ఇంటికి ఈ సంగతి రాయలేదు. రాస్తే అత్తమ్మ ఉన్నపళంగా వచ్చేయమంటుంది. మా ఆయనకి కూడా చెప్పలేదు. నాతో చదివే వాళ్లకు తెలుసు గాని, వాళ్లెవరికీ మా ఇంటి చిరునామా కూడా తెలియదు.

ఎండాకాలం సెలవులకు వరంగల్ వచ్చాను. రవి నా కంటే ముందు నా పెట్టె తెరిచాడు. శైలు మొదటి రోజంతా తలుపు వెనక నిలబడి చూసి, రెండో రోజు నా ఒళ్లో ఎక్కి ఇక దిగలేదు.

కొన్నాళ్లకు ఒకటి గమనించాను. శైలు మగ్గాల గదిలోకి అడుగు పెట్టడం లేదు. గడప దగ్గరే ఆగిపోతోంది. నేను వెళ్లకముందు ఆ గదే దాని ఆటస్థలం. మధ్యాహ్నం దాన్ని పక్కన వేసుకుని పడుకుంటే అది ముందుగా లేచేది. నన్ను కుదిపినా లేచేదాన్ని కాదు. అందుకని తాత దగ్గరికి పరిగెత్తి, "తాతా, మగ్గం ఆపు, అమ్మను లేపాలె" అనేది. ఆయన ముద్దుకి మగ్గం ఆపేవాడు. నేను దిగ్గున లేచి కూచునేదాన్ని. తాతామనవరాళ్లు పడి పడి నవ్వేవాళ్లు.

ఒక సాయంత్రం అందరం అన్నాలకు కూచున్నప్పుడు అడిగాను, ఇది మగ్గం దగ్గరికి ఎందుకు పోవడం లేదని.

"ఎట్ల పోతది? మొకం చెల్లాలె గద" అంది అత్తమ్మ. "నీ బిడ్డ చేసిన పని నీకు రాయనే లేదు. నేసే పడుగు తెంపి పెట్టింది."

"నానమ్మ దాన్ని కొట్టింది అమ్మా" అన్నాడు రవి ఉత్సాహంగా.

"కొట్టనా మరి? కార్తీక పున్నం పూట! నేను ఒక్కపొద్దుంటి, నోట్లె నీళ్లు సుత పోసుకోలె. ఒత్తులు చేసుకుంట కూసున్న. మీ మామ మగ్గం మీదున్నడు. ఈ పిల్ల వాకిట్ల ఆడుకుంటున్నదల్ల ఉరికొచ్చింది. 'తాతా, మగ్గం ఆపు, అమ్మ లేస్తలేదు' అంటది."

ముద్ద పళ్లెంలో పెట్టేసి మామయ్య వైపు తిరిగాను.

మామయ్య పళ్లెంలోకి చూస్తూ అందుకున్నాడు. "'మీ అమ్మ చీనాల ఉన్నది బిడ్డా, ఈడ ఏడ పండుకున్నది?' అన్న. ఇనదాయె. 'ఆపు తాతా, నువ్వు ఆపితెనే లేస్తది' అని ఒక్కటే ఏడుపు. నేను నవ్వుకుంట నేస్తనే ఉన్న. ఇగ రెండు చేతులు పెట్టి పడుగు గుంజింది. పటపట తెగినయి పోగులు. మగ్గం ఆగింది."

"ఆగినంక ఏం జేసిందో చెప్పు" అంది అత్తమ్మ. "జర నిమ్మలంగ కండ్లు తుడ్సుకొని, 'లేసింది' అని మల్ల ఆటకు పోయింది! అందుకే వీపు మీద ఒక్కటిచ్చిన."

శైలు పళ్లెంలో వేలితో గీతలు గీస్తూ కూచుంది. నీకెట్లా తెలిసింది బిడ్డా అని అడిగాను.

"నువ్వు పండుకున్నవు గదా" అంది, తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు నా ముఖంలోకి చూసి. తర్వాత ఎన్నిసార్లు అడిగినా దానికి యాదికి లేదు.

అప్పుడు నేను పీకింగ్ సంగతంతా చెప్పాను. అత్తమ్మ తినడం ఆపి నా తల నిమిరింది. తర్వాత శైలుని దగ్గరికి లాక్కుని, కొట్టిన వీపునే రాసింది. అమ్మవారే బిడ్డ నోట పలికిందని ఆమె నమ్మకం. మొక్కు చెల్లించాలంది. మా ఆయన తన ధోరణిలో లెక్కలు తీశారు. ఆ రోజు ఆదివారం, ఆయన ఇంట్లోనే ఉన్నారు, తెగిన పోగులు ముడివేయడానికి తండ్రి పక్కన కూచున్నది ఆయనే. రేడియోలో పిల్లల కార్యక్రమం అయిపోయిన కాసేపటికి గోల మొదలైందని ఆయనకు గుర్తుంది. అప్పుడు మన దగ్గర పదిన్నర ప్రాంతం. చైనా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ ఒంటిగంట. లావ్‌షి, నేను భోంచేసి పడుకున్న వేళ.

"కాకతాళీయం" అన్నారాయన చివరికి. కానీ ఆ మాట అనేలోపు వేళ్ల మీద ఆ లెక్క రెండుసార్లు చేశారు.

నేనూ ఆ వైపు నుంచి చూశాను. తల్లి మీద బెంగ పెట్టుకున్న పిల్ల, పాత ఆట గుర్తొచ్చి మారాం చేసి ఉండొచ్చు. అయితే నేను వెళ్లాక ఆ పిల్ల అంతకు ముందు ఒక్కసారి కూడా మగ్గం ఆపమని అడగలేదని మామయ్య అంటాడు. ఆ తర్వాతా అడగలేదు. నాకు వినిపించింది నెత్తురు చప్పుడే కావొచ్చు. పాకిన దిక్కున తలుపు ఉండటం అదృష్టమే కావొచ్చు. ఒక్కోదానికీ ఒక్కో కారణం దొరుకుతుంది. అన్నీ కలిపి ఒకే గంటలో పెట్టినప్పుడు మాత్రం దొరకదు. నాలుగేళ్లుగా చూస్తున్నాను, ఈ ఒక్క చోట పిల్లీ కనపడలేదు, చీరా కనపడలేదు.

అయితే ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వనిది ఇది కాదు. రెండో ఏడు చదువు ఇంకా ఉంది. సెలవులవగానే వెళ్లాలి. వెళ్లాలనే ఉంది, ఆ భాష ఇప్పుడిప్పుడే నా చేతికి లొంగుతోంది. వెళ్లడమా మానడమా అన్న సందేహం నాకు లేదు. పిల్లకి ఏం చెప్పాలన్నదే తేలలేదు. నువ్వే నన్ను బతికించావంటే, ఆ మాట నాలుగేళ్ల పిల్ల ఎక్కడ మోస్తుంది? తప్పు చేశావని ఊరుకుంటే, అది నా నోటితో నేను చెప్పలేని అబద్ధం.

మర్నాడు పొద్దున గడప మీద కూచుని శైలుకి జడ వేస్తున్నాను. రవి పక్కన పలక తుడుస్తున్నాడు. లోపల మామయ్య అప్పుడే మగ్గమెక్కాడు.

"అమ్మా, మల్ల పోతవా?" అంది శైలు.

"పోత."

తల తిప్పి మగ్గాల గదిలోకి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "మరి నేను దినాం మగ్గం కాడ కూసోవాల్నా?"

జడ వదిలేసి దాన్ని నా వైపు తిప్పుకున్నాను. రవిని కూడా దగ్గరికి పిలిచాను.

"చూడు బిడ్డా. ఆ దినం నువ్వు తప్పు చెయ్యలె. నానమ్మ కొట్టుడే తప్పు, నానమ్మ గూడ ఒప్పుకున్నది. ఇగ నేను ఆడ కిటికీ తెరిచే పండుకుంట. నా గదిల ఒక అక్క ఉంటది. నేను లేవకపోతె ఆ అక్క లేపుతది, అది పెద్దోళ్ల పని. అమ్మను లేపుడు నీ పని గాదు. నువ్వు ఆడుకో."